పన్నెండు గంటల ఉత్తరాలు

మూడోసారీ అదే వాక్యం. నిర్ణీత సమయంలో స్పందన రాలేదు. తెర మీద ఎర్ర గుర్తు పక్కన, చిన్న అక్షరాల్లో, పెళ్లిచూపులు చూసి వెళ్లినవాళ్లు వద్దని కబురు పంపినంత మర్యాదగా. గోడ గడియారంలో పదీ నలభై. సర్వర్ల గదిలో చలి మోకాళ్లలోకి దిగుతోంది, శాలువా ఎంత బిగించినా నలభై ఆరేళ్ల మోకాళ్లకి అది ఏం సరిపోతుంది, బయట మాత్రం ఎండ పెళపెళ కాస్తూ ఉంటుంది, ఒక్క బస్సూ ఒక్క ఆటో లేని రోడ్డు మీద పడే హర్తాళ్ ఎండకి ఒక ప్రత్యేకమైన తెలుపు ఉంటుంది, పొద్దున ఆరుకి ముందే నిసార్ బైకు వెనక కూర్చుని వంతెన దాటుతున్నప్పుడే ఆ తెలుపు మొదలైంది. ఈ రోజే పని పెట్టుకుందామన్నది నేనే. ఆఫీసుకి ఎవరూ రారు, ఎవరూ కంప్యూటర్లో ఉత్తరాలు తెరవరు, ఉత్తరాల యంత్రాలకి సర్వీస్ ప్యాక్, అంటే సరిదిద్దిన కొత్త ప్రోగ్రాం, ఎక్కించడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదన్నాను. పిలుపిచ్చిన పార్టీ ఏదో, కారణం ఏమిటో కూడా నాకిప్పుడు గుర్తు లేదు. ఓడలు మాత్రం హర్తాళ్ పాటించవు. మా కంపెనీ మనుషుల్ని పంపే అరవై ఒక్క ఓడలు, ఏ సముద్రంలో ఉన్నవి ఆ సముద్రం నుంచే, మధ్యాహ్నం మన గడియారం పన్నెండు కొట్టేసరికి ఉపగ్రహం ద్వారా ఈ గదిని పలకరించి తమ ఉత్తరాలు దించుకుంటాయి. పద్నాలుగు వందల మంది. ఇంటి కబురు కోసం భోజనాల వేళకి కంప్యూటర్ ముందు వరుస కట్టేవాళ్లు.

"అత్తగారు మంచం దిగనంటోంది చేచీ," అన్నాడు నిసార్, ఫ్లాస్కు మూతలోకి పాలు లేని కట్టన్ చాయ వంచుతూ.

నాకు నవ్వు రాలేదు గానీ పెదవి కదిలింది. ఆ పేర్లు అతను పెట్టినవే. ఇక్కడే కొచ్చిలో మట్టాంచేరి వాడు, నాలుగేళ్లుగా నాతో పనిచేస్తున్నాడు, అక్కా అన్నట్టు నన్ను చేచీ అంటాడు, దేనికో ఒకదానికి పేరు పెట్టకుండా ఉండలేడు. మా ఉత్తరాలన్నీ రెండు యంత్రాల జంట మీద నడుస్తాయి, ఒకటి పని చేస్తుంటుంది, రెండోది పక్కనే నిలబడి మొదటిది చేసే ప్రతి పనినీ తన దగ్గర రాసుకుంటుంటుంది, అది కూలబడితే ఇది అందుకోవాలి, అందుకే చాకిరీ చేసేదాన్ని కోడలన్నాడు, చూస్తూ నిలబడేదాన్ని అత్తగారన్నాడు. సర్వీస్ ప్యాక్ ఎక్కించే పద్ధతి కూడా అదే వరసలో ఉంటుంది, ముందు ఖాళీగా ఉన్న అత్తగారికి ఎక్కించాలి, తర్వాత కోడలి చేతిలో పని అత్తగారికి అప్పగించాలి, అప్పుడు కోడలికి ఎక్కించాలి. ఎనిమిదిన్నరకల్లా మొదటి మెట్టు అయిపోయింది, ఒక్క తప్పు లేదు, బియ్యప్పిండి పుట్టూ శనగల కూరా డబ్బా మూతల్లో పంచుకుని తిన్నాం. తొమ్మిదీ యాభైకి ఉత్తరాలు ఆపి పని అప్పగించాం. అప్పగింత కూడా సవ్యంగా అయిందనే తెర మీద పడింది. ఇక అత్తగారు లేచి ఉత్తరాలు దాచి ఉన్న ఏడు గిడ్డంగులూ తెరవాలి, తెరవడం లేదు. వెనక్కి వెళదామా అంటే గిడ్డంగి తలుపులకి అప్పుడే కొత్త తాళం పడింది, పాత ప్రోగ్రాం ఉన్న కోడలు వాటిని ఇక తెరవలేదు. మిగిలింది రోజూ నకలు తీసి పెట్టే టేపు. టేపు నుంచి మొత్తం తిరిగి నింపడానికి ముప్పై గంటలు. నిరుడు నలభై ఆరు పట్టింది.

నిరుడూ ఇదే మెట్టు, ఇదే వాక్యం. అక్టోబరు, మంగళవారం, వర్షం. అప్పుడు ఈ పని నేనొక్కదాన్నే చేశాను, నిసార్ చెల్లెలి నిఖా కోసం సెలవులో ఉన్నాడు, ఎవరికోసమైనా ఆగడం నాకు నామోషీగా ఉండేది ఆ రోజుల్లో. మూడోసారి ఆ వాక్యం వచ్చాక నాలుగోసారి నొక్కాను, ఐదోసారి నొక్కాను, ఎనిమిదో తొమ్మిదో సారి యంత్రం ఏదో లోపల రాసుకుంటూ ఉండగానే కరెంటు తీసేశాను. ఆ తర్వాత గిడ్డంగులు ఏడింట్లో నాలుగు చెడిపోయాయి. టేపులు తెప్పించి, పాత ప్రోగ్రామే మళ్లీ నిలబెట్టి, దాని జోలికి ఏడాది పాటు పోలేదు. అది కాదు నేను తలుచుకోకూడదనుకునేది. అదే మంగళవారం పొద్దున, పని మొదలు పెట్టడానికి పది నిమిషాల ముందు, నేనే ఒక ఉత్తరం రాసి పంపాను, మా తమ్ముడు ఆంటప్పన్‌కి, వాడి ఓడకి, మా అప్పన్, అంటే నాన్న సంగతి. అప్పన్ పరిస్థితి బాగా లేదు, డాక్టరు రోజులు లెక్కపెడుతున్నాడు, నీ ఓడ బుధవారం కొలంబోలో ఆగుతుందట కదా, కాప్టన్ని అడిగి అక్కడ దిగిపోయి రా. వాడు ఆ ఓడలో వంటవాడు. వాడు దిగిపోతే ఇరవై రెండు మందికి అన్నం ఎవరు వండుతారని కాప్టన్ సణిగేవాడేమో, అయినా వదిలేవాడు, తండ్రి చావుబతుకుల్లో ఉంటే ఎవరైనా వదులుతారు. బుధవారం సాయంత్రం కొలంబోలో విమానం ఎక్కితే గంటకి కొచ్చిలో దిగేవాడు. అప్పన్ పోయింది గురువారం తెల్లవారాక. నా ఉత్తరం వాడికి అందింది శుక్రవారం సాయంత్రం, చావు కబురు ఉత్తరంతో పాటే, అప్పటికి ఓడ ఆఫ్రికా వైపు రెండు రోజుల దూరం వెళ్లిపోయింది.

వాడు మూడు వాక్యాలు రాశాడు. ఉత్తరం ఇప్పుడే చూశాను. ఖననం ఎప్పుడు. కొలంబోలో నేను చేపల మార్కెట్‌కి కూడా వెళ్లాను చేచీ. ఆ చివరి వాక్యం. ఒడ్డున దిగి, చేపలు బేరమాడి, మళ్లీ ఓడ ఎక్కాడు. ఏప్రిల్లో సెలవుకి వచ్చి చెల్లానంలో భార్య పుట్టింట్లో ఉన్నాడు, మా ఊరు వైపిన్‌కి వచ్చి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వెళ్లాడు, మా ఇల్లు సమాధుల తోట గోడకి రెండో సందులోనే, రాలేదు. నేను ఫోన్ చేస్తే వాడి భార్య ఎత్తి, స్నానానికి వెళ్లాడంది. అరగంట తర్వాత చేస్తే అప్పుడూ స్నానమే. ఉత్తరం మంగళవారమే పంపాను, యంత్రం పట్టేసుకుందిరా అని ఆమెతో చెప్పించాను, అబద్ధం కాదు, పంపిన తేదీ ఉత్తరం నెత్తిమీదే ఉంటుంది. అందులో లేనిది నాకొక్కదానికే తెలుసు. మంగళవారం సాయంత్రానికే నాకు అర్థమైంది, నా ఉత్తరం ఈ గదిలోనే ఇరుక్కుపోయిందని. పై అంతస్తులో మా అధికారి కాప్టన్ తరకన్ బల్ల మీద శాటిలైట్ ఫోన్ ఉంది. పదిహేను మెట్లు. ఎక్కి, సార్ ఉత్తరాలు ఆగిపోయాయి, మా తమ్ముడికి ఒక్క కాల్ చేయనివ్వండి అంటే సరిపోయేది. అలా అనాలంటే ముందు ఉత్తరాలు ఆగిపోయాయి అనాలి. ఆపింది నేను అనాలి. రాత్రికల్లా బాగు చేసేస్తాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం కూడా అలాగే అనుకున్నాను. బుధవారం మధ్యాహ్నం వాడు కొలంబోలో చేపల మొప్పలు ఎత్తి చూస్తున్నాడు.

"ఇంకోసారి నొక్కనా?" అన్నాడు నిసార్.

"వద్దు. చెయ్యి తియ్యి."

అతను చెయ్యి తీసి రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. పదీ నలభై ఎనిమిది. ఏసీ గాలి, పంకాల హోరు, ఆ హోరులో ఉండగా ఉండగా మనిషికి చెవి అలవాటు పడి నిశ్శబ్దంలాగే తోస్తుంది. అప్పన్ మునంబంలో పడవలు చేసే వడ్రంగి, రోజంతా రంపం మోత మధ్య ఉండి ఇంటికొచ్చాక గుసగుసగా మాట్లాడినా అరిచినట్టుండేది, అమ్మ కసురుకునేది, ఇదేమైనా పడవల షెడ్డా అని. అప్పన్ పడవకి నీళ్లు కారుతున్నాయంటే చెక్క మీద చెక్క కొట్టేవాడు కాదు. పడవని ఇసుక మీదకి లాగించి, నీళ్లు పోసి, బీడీ ముట్టించి కూర్చునేవాడు, ఎక్కడ చెమరుస్తుందో చూస్తూ. ఎంతసేపు కూర్చుంటావు అప్పా అంటే, అది చెప్పేదాకా అనేవాడు. ఫోన్ నా బల్ల మీదే ఉంది. ఈసారి మెట్లు కూడా ఎక్కక్కర్లేదు, కాప్టన్ తరకన్ ఇంట్లో ఉన్నాడు, నంబరు నొక్కితే చాలు. ఏడెన్ సింధుశాఖ దగ్గర మూడు ఓడలున్నాయి, దొంగల పడవల భయానికి ఏ దారిన, ఏ గుంపుతో కలిసి వెళ్లాలో పన్నెండు గంటల ఉత్తరంలోనే ఆ ఓడలకి ఉత్తర్వు వెళ్లాలి. గంటా పది నిమిషాలుంది. బాగు చేసేస్తానేమో. బాగు చేసేస్తే చెప్పాల్సిన పనే ఉండదు. ఈ మాట ఇంతకుముందు విన్నాను, నా గొంతులోనే. ఫోన్ అందుకున్నాను. నంబరు నొక్కుతుంటే చూపుడు వేలు చల్లగా, వేరేవాళ్ల వేలులా ఉంది.

"సార్, జెసింతని. ఉత్తరాలు నడవడం లేదు. అప్పగింతలో ఆగిపోయింది. పన్నెండుకి అందుతాయని మాట ఇవ్వలేను."

అవతల కాకి అరుపు వినిపించింది, వరండాలో కూర్చున్నట్టున్నాడు. ముప్పై ఏళ్లు ఓడ నడిపిన మనిషి, ఆరు నెలల క్రితం బైపాస్ అయింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఎంతసేపయింది ఆగి?"

"యాభై ఎనిమిది నిమిషాలు సార్. మూడుసార్లు ప్రయత్నించాం."

"మూడు ఓడలకీ నేను ఫోన్‌లో చెప్పిస్తాను. ఇంకా అత్యవసరమైనవి ఏమైనా ఉన్నాయా? ఇంటివాళ్లు చావులూ పురుళ్లూ ఏమైనా రాశారా?"

"మనుషుల ఉత్తరాలు నేను తెరవను సార్."

"తెరవమనలేదమ్మా. కుటుంబాల విభాగం వాళ్లకి ఫోన్ చేసి అడుగుతాను, ఉంటే అవీ ఫోన్‌లోనే చెప్పిస్తాం. ఆ ఫోన్ ఉన్నది అందుకే కదా. అడిగితే ఎవరు కాదంటారు?"

అతనికి తెలియదు. ఆ మాట ఎవరికి తగిలిందో, ఎంత లోతున తగిలిందో అతనికి ఏం తెలుసు. లైను తెగిందేమో అనుకుని అతను హలో హలో అన్నాడు.

"ఉన్నాను సార్."

"చూడు, పన్నెండుకి కాకపోతే రెండుకి. ఓడ మునిగిపోలేదు. తొందరపడి ఏదీ పీకెయ్యకు. తిన్నారా మీరిద్దరూ?"

తిన్నామన్నాను. ఫోన్ పెట్టేశాక మెడ వెనక నుంచి ఏదో దిగిపోయింది, ఏడాదిగా అక్కడ కూర్చున్నది, మోస్తున్నానని కూడా తెలియనంతగా అలవాటైపోయినది. నిసార్ నా వంక చూసి ఏమన్నాడని కళ్లతోనే అడిగాడు. తిన్నారా అని అడిగాడన్నాను. అతను నవ్వాడు, నాకూ ఈసారి నవ్వొచ్చింది, ఎర్ర గుర్తు ముందు కూర్చుని ఇద్దరం నవ్వుకున్నాం. తొందర లేని కళ్లతో చూస్తే అదే తెర వేరేలా కనిపిస్తుంది. మూడు వైఫల్యాల పక్కనా మూడు సమయాలున్నాయి, మొదలైన క్షణం, ఆగిన క్షణం, మధ్య తేడా ముప్పై సెకన్లు. మూడింటికీ ముప్పయ్యే, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. నిజంగా ఏదైనా విరిగి ఉంటే ఒకసారి రెండు సెకన్లకి పడిపోతుంది, ఇంకోసారి పన్నెండుకి పడిపోతుంది. ఇది విరగలేదు. ఇది దేనికోసమో ఎదురుచూస్తోంది, ముప్పై సెకన్లు చూసి ఊరుకునే గడువు ఎవరో పెట్టారు, గడువు దాటగానే దీన్ని కనిపెట్టి ఉండే ప్రోగ్రాం ఇది చచ్చిందని రాసేస్తోంది. ఇంట్లో ఆఖరి రాత్రి అప్పన్ ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను లెక్కపెట్టేదాన్ని, ఇరవై దాటితే డాక్టరుకి ఫోన్ చేయబోయేదాన్ని, ఇరవై ఒకటికో ఇరవై రెండుకో మళ్లీ ఛాతీ లేచేది.

"నిసార్, నాలుగోసారి నొక్కు. నొక్కి దాని వంక చూడకు. గోడ వంక చూడు."

గోడంటే బయటి ప్రపంచానికీ మా యంత్రాలకీ మధ్య కాపలా కాసే పెట్టె. మూడేళ్ల క్రితం ఒక వైరస్ లోపలికి దూరి ఐదు రోజులు నిద్ర లేకుండా చేశాక, ఈ రెండు యంత్రాలూ తమంతట తాము బయటికి ఒక్క అడుగు వేయకుండా ఆ గోడలో ప్రతి కిటికీనీ నేనే మూయించాను. ఉత్తరాలు వెళ్లే దారి ఒక్కటే వదిలాను. దాని పుస్తకంలో ఎవరు ఎప్పుడు తలుపు తట్టారో, ఎవరిని పొమ్మన్నామో వరసగా పడుతుంటుంది. నిసార్ నొక్కి అటు తిరిగాడు. నేను చేతి గడియారం చూస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరు.

"తడుతోంది," అన్నాడు. "అత్తగారే. బయటికి పోవాలంటోంది. పోనివ్వడం లేదు మన గోడ. మళ్లీ తట్టింది. మళ్లీ."

"ఎక్కడికి పోవాలంటోంది?"

అతను చిరునామా చదివాడు. విన్న వెంటనే కుర్చీలో వెనక్కి వాలాను. కొత్త ప్రోగ్రాం మీద తయారుచేసినవాళ్ల ముద్ర ఉంటుంది, దొంగ ప్రోగ్రాం కాదని నమ్మకానికి. లేవబోయే ముందు యంత్రం ఆ ముద్ర అసలుదేనా, ఈమధ్య రద్దేమైనా చేశారా అని ముద్రల జాబితా ఉన్న చోటికి వెళ్లి కనుక్కుంటుంది. పాత ప్రోగ్రాం ఇలా అడిగేది కాదు. కొత్తది అడుగుతోంది, పాపం న్యాయంగానే అడుగుతోంది, తలుపు మూసి ఉంటే జవాబు కోసం అక్కడే నిలబడుతోంది, ఈలోగా ముప్పై సెకన్లు అయిపోతున్నాయి. నిరుడు కూడా ఇదే. నేను తొమ్మిదిసార్లు నొక్కి, కరెంటు పీకి, నాలుగు గిడ్డంగులు పాడుచేసి, నలభై ఆరు గంటలు టేపులు తిప్పి, బుధవారాన్ని పోగొట్టుకున్నది ఈ ఒక్క తలుపు దగ్గర. నేను వేయించిన తలుపే. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. కారే చోటు కనిపించాక అప్పన్ ఏం చేసేవాడో గుర్తొచ్చింది, బీడీ పారేసి ఉలి అందుకునేవాడు.

సన్నని కిటికీ ఒకటి తెరిచాం, ఆ ఒక్క చిరునామాకి, ఈ రెండు యంత్రాలకి మాత్రమే. ఏం చేశామో, ఎందుకు చేశామో పుస్తకంలో రాయించి, నా పేరు కింద సంతకం పెట్టాను. పదకొండూ ఇరవై తొమ్మిదికి ఐదోసారి నొక్కింది నిసారే, బిస్మిల్లా అన్నాడు, నేను మెడలో సిలువ పట్టుకున్నాను. నాలుగు. ఐదు. ఆరు. పదకొండో సెకనుకి ఎర్ర గుర్తు పోయి పచ్చది వచ్చింది. తర్వాత గిడ్డంగులు, ఒకటి తెరుచుకుంది, రెండు, మూడోది కొంచెం ఆలోచించి తెరుచుకుంది, ఏడోది తెరుచుకునేసరికి నిసార్ కుర్చీలోంచి లేచి గదిలో గుండ్రంగా తిరుగుతున్నాడు.

"లేచింది చేచీ అత్తగారు. చీర కుచ్చిళ్లు దోపుకుని మరీ లేచింది."

కాప్టన్‌కి ఫోన్ చేశాను. మంచిదమ్మా, ఆ మూడు ఓడలకీ ఎలాగూ చెప్పేశాను, ఉత్తరం కూడా వెళ్లనీ అన్నాడు. పదకొండూ ముప్పై ఎనిమిది. ఆపినప్పటి నుంచి ముంగిట్లో పోగుపడిన ఉత్తరాలు లోపలికి వస్తున్నాయి, రెండు వందలు, ఐదు వందలు, ఓడ పేరు పక్కన అంకెలు పెరుగుతున్నాయి. వాటి మధ్య, సెలవయ్యాక మా ఆంటప్పన్ మళ్లీ ఎక్కిన ఓడ పేరు కూడా ఉంది, పక్కన తొమ్మిది. తొమ్మిది మందికో, ఒకడికే తొమ్మిదో. వాడికి ఎవరు రాస్తారు, భార్య రాస్తుంది. ఇరవై రెండు నిమిషాలున్నాయి. నా సొంత ఉత్తరాల పెట్టె తెరిచి వాడి పేరు రాశాను. క్షేమమా అని మొదలుపెట్టి చెరిపేశాను. యంత్రం అని రాసి చెరిపేశాను. ఆ తర్వాత ఆగకుండా రాశాను, తప్పులు దిద్దుకోకుండా. నిరుడు మంగళవారం ఉత్తరాలు ఆపింది నేను. సాయంత్రానికే నాకు తెలుసు నీకు అందలేదని. పైన ఫోన్ ఉంది. సిగ్గుపడి అడగలేదు. నువ్వు కొలంబోలో ఉన్నప్పుడు కూడా అడగలేదు. నీకు ఈ మాట చెప్పడానికి ఏడాది పట్టింది. చేచి. పదకొండూ యాభై ఆరుకి పంపాను, పక్కన అంకె పది అయింది. వెనక్కి తీసుకునే మీట ఒకటుంటుంది, నాకు తెలుసు, అది ఎక్కడుంటుందో ఈ భవనంలో నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. నాలుగు నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పన్నెండు. ఓడలు ఒక్కటొక్కటే రావడం మొదలైంది, ఏ సముద్రం నుంచో ఏ ఎండలోంచో, అంకెలు తగ్గుతూ తగ్గుతూ సున్నాలవుతున్నాయి. వాడి ఓడ మారిషస్ దాటి ఎక్కడో ఉంది, పన్నెండూ ఆరుకి వచ్చింది, పది ఉన్నది సున్నా అయింది. అక్కడ వంట చివరికొచ్చి ఉంటుంది. వాడు అందరికీ వడ్డించాకే చూసుకుంటాడు.

మేం మిగిలిన పనిలో పడ్డాం. కోడలికి కూడా సర్వీస్ ప్యాక్ ఎక్కించాం, అదీ కిటికీ దగ్గర ముద్ర అడిగి, జవాబు విని, లేచి నిలబడింది. జంటలో మళ్లీ ఒకటి పని చేస్తోంది, ఒకటి చూసి రాసుకుంటోంది. ఇప్పుడు ఏది అత్త ఏది కోడలు అని నిసార్ పెద్ద సందేహంలో పడ్డాడు. నేను పద్ధతి మొత్తం కాగితం మీద రాస్తున్నాను, రేపు నేను లేకపోయినా ఎవరికైనా పనికొచ్చేలా, కిటికీ సంగతి అందరికన్నా పైన, నిరుడు జరిగిన తప్పు కూడా ఎవరు చేశారో పేరుతో సహా. మూడున్నర దాటాక నా పెట్టెలో ఒక ఉత్తరం పడింది. వాడి పేరు చూసి కలం మూత పెట్టాను. తిట్లుంటాయనుకున్నాను, ఉండాలనే అనుకున్నాను. ఒకే ఒక్క వాక్యం ఉంది.

అప్పన్ నన్ను అడిగాడా చేచీ.

ఏడాదిగా ఈ ప్రశ్న అడగడానికి వాడికి మనిషి లేడు. నేను తప్ప అప్పన్ గదిలో ఎవరున్నారు. ఆఖరి మూడు రోజులూ, నేను ఇంట్లో ఉన్న వేళల్లో, వరండా గేటు గొళ్లెం చప్పుడైనప్పుడల్లా అప్పన్ కళ్లు తెరిచేవాడు, ఎవరది, వంటవాడేనా అనేవాడు, పాలవాడు అప్పా అంటే పాలవాడికీ వాడికీ అడుగులో తేడా నాకు తెలియదా అని గొణుక్కుని, కాసేపాగి, వాడొస్తే ముందు అన్నం పెట్టండి, వాడు ఊరంతటికీ పెట్టి తను తినడు అనేవాడు. బుధవారం రాత్రి వాడి పేరు పెట్టి పిలిచాడు, రెండుసార్లు, స్పష్టంగా, పడవల షెడ్డులో పిలిచినంత గట్టిగా. ఇదంతా ఎవరికీ చెప్పలేదు నేను, చెప్పే హక్కు లేదనుకున్నాను.

"బయల్దేరదామా చేచీ, ఆరు దాటితే బళ్లు తిరుగుతాయి, వంతెన మీద ఇరుక్కుంటాం," అన్నాడు నిసార్.

"నువ్వు కిందికెళ్లి బండి చూసుకో. నాకు కాసేపు పడుతుంది."

శాలువా తీసి కుర్చీ మీద వేసి, అడిగాడురా అని మొదలుపెట్టాను.